నెట్ పోయిందా? ఎక్కడ పోయిందో మీకు తెలుసా?

ఆదివారం సాయంత్రం. హాల్లో సినిమా మంచి పట్టులో ఉండగా తెర మీద గుండ్రం తిరగడం మొదలవుతుంది. లోపలి గదిలోంచి "నెట్ పోయింది!" అని కేక. నెట్ అబ్బాయికి ఫోన్ చేస్తే అటునుంచి మొదట వచ్చే మాట ఒక్కటే: "డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతోందా అండీ?"

మనకది తప్పించుకునే మాటలా వినిపిస్తుంది. అతను మాత్రం ఆ ఒక్క ప్రశ్నతో తప్పు ఇంటి లోపలుందా, బయటుందా అని తేల్చుకుంటున్నాడు. కరెంటు పోతే ఇల్లంతా ఒకేసారి చీకటవుతుంది. నెట్ అలా పోదు. చేతిలోని ఫోను నుంచి రౌటర్ దాకా, రౌటర్ నుంచి వీధి స్తంభం దాకా, అక్కడి నుంచి సముద్రం అవతలి దాకా ఉన్న దారిలో ఎక్కడో ఒకచోట తెగుతుంది. ఆ చోటు పట్టుకుంటే సగం బాగుచేసినట్టే. దగ్గరి నుంచి దూరానికి ఆ దారి వెంబడే ఒకసారి నడిచి వద్దాం.

1. సిగ్నల్ గీతలకు నెట్ సంగతి తెలియదు

ఫోను మీద కనిపించే వైఫై గీతలు మీకూ రౌటర్‌కూ మధ్య సంగతే చెబుతాయి. రౌటర్ దాటాక దారి ఉందో లేదో వాటికి పట్టదు. మరి "నో ఇంటర్నెట్" అని ఫోను ఎలా కనుక్కుంటుంది? ఆండ్రాయిడ్ ఫోను వైఫై తగలగానే గూగుల్ సర్వర్‌ను ఒక ఖాళీ పేజీ అడుగుతుంది. జవాబుగా 204 అన్న సంఖ్య వస్తుంది. "నీ మాట అందింది, ఇవ్వడానికి నా దగ్గరేమీ లేదు" అని దాని అర్థం. విండోస్ కంప్యూటర్ అయితే మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి మూడు మాటలున్న చిన్న ఫైలు తెప్పించుకుని చూస్తుంది. హోటల్లో లాగిన్ పేజీ దానంతటదే తెరుచుకోవడం వెనకున్న కిటుకూ ఇదే. ఖాళీ జవాబు రావలసిన చోట వేరే పేజీ వచ్చిందంటే, మధ్యలో ఎవరో గేటు వేశారని ఫోను గ్రహిస్తుంది.

ఇంట్లో గీతలు నిండుగా ఉండి "నో ఇంటర్నెట్" అని వస్తే పాస్‌వర్డ్ పదేపదే కొట్టి లాభం లేదు. రౌటర్ వైపు నడవండి.

2. వైఫైకి పూర్తి పేరు లేదు

"వైర్‌లెస్ ఫిడెలిటీ" అని చాలా క్విజ్ పుస్తకాల్లో ఉంటుంది. అది తర్వాత అతికించిన అర్థం. 802.11 అనే సాంకేతిక ప్రమాణానికి జనం నోట పలికే పేరు కావాలని 1999లో ఇంటర్‌బ్రాండ్ అనే సంస్థ చేత పెట్టించుకున్న పేరిది. అప్పటికే అందరికీ తెలిసిన "హైఫై" పక్కన ప్రాసకు కూర్చుందని నచ్చింది.

3. వంటింట్లో పాలు వేడిచేస్తే హాల్లో సినిమా ఆగొచ్చు

మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర. వైఫై పాత పట్టీ (2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్) ఉండేదీ సరిగ్గా ఆ చుట్టుపక్కలే. కారణం ఏమిటంటే, ఈ పట్టీని పరిశ్రమల, శాస్త్ర, వైద్య పరికరాల కోసం ముందే విడిచిపెట్టారు. 1985లో అమెరికా ప్రభుత్వం లైసెన్సు లేకుండా అందులో సమాచారం పంపుకోవచ్చని తలుపు తీసింది. మన దేశంలో 2005లో ఆ వీలు వచ్చింది. అందరిదీ అన్నాక రద్దీ తప్పదు కదా! ఓవెన్ లోపల 700 నుంచి 1000 వాట్ల శక్తి ఉంటుంది. రౌటర్ విడిచేది సుమారు పదో వంతు వాట్. ఓవెన్ తలుపు సందుల్లోంచి జారే ఆ కాస్తా మన ఆరోగ్యాన్ని ఏమీ చేయకపోయినా, రౌటర్ గొంతును మాత్రం ముంచేయగలదు.

ఓవెన్ తిరుగుతున్నప్పుడే నెట్ తడబడుతోందంటే దోషి దొరికినట్టే. ఫోనును 5 గిగాహెర్ట్జ్ వైఫై పేరుకు మార్చండి.

4. చానళ్లు పదమూడు, పనికొచ్చేవి మూడు

2.4 పట్టీలో మనకు 13 చానళ్లున్నాయి. కానీ ఒక్కో చానల్‌కూ మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో రౌటర్ పరుచుకునే వెడల్పు 20 మెగాహెర్ట్జ్. ఆరుగురు పట్టే అరుగు మీద పాతికమంది కూర్చున్నట్టన్నమాట. ఒకదాన్నొకటి తాకకుండా సాధారణంగా వాడుకునేవి 1, 6, 11.

ఇక్కడో తమాషా ఉంది. పక్క ఫ్లాట్ వాళ్లు 6లో ఉన్నారని మనం తెలివిగా 7కి మారితే మరింత చెడుతుంది. ఒకే చానల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి వింటాయి. ఒకటి మాట్లాడుతుంటే మరొకటి ఆగుతుంది. సగం సగం కలిసే చానళ్లలో ఉన్నవాటికి అవతలి మాట మాటలా వినపడదు, గోలలా తగులుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ దొరక్కూడదని 3నో 9నో పట్టుకుంటే ఇరుపక్కల వాళ్లకూ మనకూ కూడా నష్టం.

5. పేరు చివర "5జీ" ఉన్నా అది మొబైల్ 5జీ కాదు

అది 5 గిగాహెర్ట్జ్ అని చెప్పే గుర్తు మాత్రమే. ఈ పట్టీలో రద్దీ తక్కువ, వేగం ఎక్కువ. గోడ అడ్డొస్తే మాత్రం 2.4 కంటే త్వరగా నీరసపడుతుంది. కరెంటు వచ్చి రౌటర్ లేచాక 2.4 పేరు కనిపిస్తూ 5జీ పేరు కాసేపు కనిపించకపోతే కంగారు పడకండి. ఈ పట్టీలో కొన్ని చానళ్లు వాతావరణ రాడార్లతో పంచుకున్నవి. వాటిలో దిగే ముందు రౌటర్ కనీసం 60 సెకన్లు మౌనంగా చెవి ఒగ్గి వినాలి. రాడార్ చప్పుడు వినిపిస్తే వేరే చానల్ వెతుక్కోవాలి. నడి సినిమాలో వినిపించినా అంతే, లేచి పోవలసిందే.

6. రౌటర్‌కు గిట్టనివి: బీరువా, అద్దం, చేపల తొట్టి

ఇనుము తరంగాలను తిప్పికొడుతుంది. నీళ్లు పీల్చుకుంటాయి. నిలువుటద్దం వెనక లోహపు పూత ఉంటుంది కాబట్టి అదీ ఒక చిన్న ఇనుప గోడే. చూడ్డానికి బాగోలేదని రౌటర్‌ను టీవీ వెనకో బీరువా పైనో దాచే ఇళ్లలో పడగ్గదికి సిగ్నల్ అందకపోతే తప్పు దానిది కాదు. ఇంటి నడుమ, మనిషి ఎత్తున, చుట్టూ ఖాళీగా ఉండే చోట పెట్టండి. కొత్తది కొనే ముందు చేయవలసిన పైసా ఖర్చులేని పని ఇది.

7. హార్డ్ డిస్క్ పెట్టగానే మౌస్ గెంతుతోందా?

యూఎస్‌బీ 3.0 తీగలు, పోర్టులు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ పరిసరాల్లో రేడియో గోల పుట్టిస్తాయి. ఇంటెల్ సంస్థే 2012లో ఈ సంగతి వివరిస్తూ పత్రం విడుదల చేసింది. ల్యాప్‌టాప్‌కు బయటి హార్డ్ డిస్క్ తగిలించగానే వైఫై మందగించినా, పక్క పోర్టులోని వైర్‌లెస్ మౌస్ గెంతులు వేసినా వైరస్ అనుకోకండి. మౌస్ డాంగిల్‌ను చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో ఒక జానెడు దూరం జరపండి, చాలు.

8. చిరునామా 169.254తో మొదలైతే అడిగిన దానికి జవాబు రాలేదని

ఇంట్లోకి వచ్చిన ప్రతి ఫోనుకూ, కంప్యూటర్‌కూ రౌటర్ ఒక ఐపీ చిరునామా కేటాయిస్తుంది. హాస్టల్లో వార్డెన్ గది నంబరు ఇచ్చినట్టు. వార్డెన్ పలకకపోతే కంప్యూటర్ తనకు తానే ఒక నంబరు రాసుకుని వరండాలో కూర్చుంటుంది. ఆ సొంత నంబరు ఎప్పుడూ 169.254తోనే మొదలవుతుంది. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఈ అంకెలు కనిపిస్తే ఆపరేటర్‌కు ఫోన్ చేయక్కర్లేదు. తెగింది మీ కంప్యూటర్‌కూ రౌటర్‌కూ మధ్యే. తీగ ఊడిందేమో చూడండి, లేదా వైఫై ఒకసారి ఆపి వేయండి.

9. మీ రౌటర్ చిరునామా కోట్ల ఇళ్లలో ఉంది

192.168.1.1 మీ ఒక్కరిదే అనుకుంటున్నారా? ఇంటి లోపల మాత్రమే చెల్లే నంబర్లని 1990లలో కొన్ని వరసలను వేరుచేసి పెట్టారు. అందులో 192.168 ఒకటి. పాత పద్ధతిలో లోకం మొత్తానికి ఉన్న చిరునామాలు 429 కోట్ల పైచిలుకు. కేంద్ర నిల్వలోని ఆఖరి మూటలు 2011 ఫిబ్రవరిలో పంచేశారు. అందుకే ఇప్పుడు చాలామంది ఆపరేటర్లు ఒకే బయటి చిరునామాను ఎన్నో ఇళ్లకు కలిపి ఇస్తున్నారు. రౌటర్ పేజీలో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరూ ఆ ఉమ్మడి కుటుంబంలో ఉన్నట్టే. ఊరెళ్లినప్పుడు ఇంటి కంప్యూటర్‌లోకి నేరుగా వెళ్లలేకపోవడానికి ఇది తరచూ కారణం. ఎన్ని సెట్టింగులు మార్చినా ఇంటి వైపు నుంచి తెగే ముడి కాదు. ఆపరేటర్‌ను విడి చిరునామా అడగాలి.

10. స్పీడ్ 94 దగ్గర ఆగితే ఒక తీగ తెగిందేమో

నెట్ తీగ కోసి చూస్తే లోపల ఎనిమిది సన్న తీగలు, రెండేసి చొప్పున జడలా మెలేసి ఉంటాయి. మెలిక వేస్తే బయటి గోల తగ్గుతుందని టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ 1881లోనే పేటెంట్ తీసుకున్నాడు. సెకనుకు 100 మెగాబిట్లు నడవడానికి నాలుగు తీగలు చాలు. 1000 మెగాబిట్లకు ఎనిమిదీ కావాలి. కుర్చీ కాలు కింద పడి ఆ మిగతా నాలుగింట్లో ఒక్క తీగ తెగినా నెట్ ఆగదు, చప్పుడు చేయకుండా 100కి దిగిపోతుంది. ఖర్చులన్నీ పోగా స్పీడ్ టెస్టులో 94 చుట్టూ కనిపిస్తుంది. 300 ప్యాకేజీ కట్టి ఎప్పుడు చూసినా 94 దగ్గరే నిలబడుతోందంటే ముందు తీగ మార్చండి. రౌటర్ పోర్టులే 100వేమో కూడా చూడండి.

ఇంకో లెక్క: ప్యాకేజీ మెగాబిట్లలో, డౌన్‌లోడ్ మెగాబైట్లలో కనిపిస్తాయి. బైటుకు ఎనిమిది బిట్లు. 100 ప్యాకేజీలో 12.5 వస్తే మోసం కాదు, పూర్తి తూకమే.

11. ఒక్క తీగ రెండు కొసలూ ఒకే డబ్బాలో పెడితే

సర్దేటప్పుడు వేలాడుతున్న కొసను ఖాళీ పోర్టు కనిపించిందని గుచ్చేస్తాం. ఆ తీగ రెండో కొస కూడా తీగలు కలిపే అదే స్విచ్చు డబ్బాలో ఉంటే, అందరికీ చెప్పమని వచ్చిన కబురు ఆ వలయంలో తిరిగి తిరిగి వరదైపోతుంది. ఇల్లంతా నెట్ స్తంభిస్తుంది. ఇలాంటి వలయాలను పసిగట్టి తెంచే పద్ధతిని 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజినీరు రూపొందించారు. ఆఫీసుల్లోని స్విచ్చుల్లో అది ఉంటుంది. ఇళ్లలో వాడే చవక డబ్బాల్లో చాలావాటికి ఉండదు. లైట్లన్నీ ఒకేలా పిచ్చిపట్టినట్టు మెరుస్తుంటే తీగలు ఒక్కొక్కటే పీకి చూడండి.

12. రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు

రౌటర్ కూడా చిన్న కంప్యూటరే. ఎవరు ఎక్కడికి వెళ్లారో రాసుకునే పట్టిక నెలల తరబడి నిండి, జ్ఞాపకం చిందరవందరైతే తడబడుతుంది. ఆపి వేస్తే తేరుకునేది అందుకే. వెంటనే వేయకండి. లోపలి కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దిగిపోవడానికి అర నిమిషం ఆగండి.

వెనకున్న సన్న రంధ్రంలో పిన్నుతో నొక్కేది రీసెట్. అది అలసట తీర్చదు, గతం మరిపిస్తుంది. ఆపరేటర్ పెట్టిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ చెరిగిపోతాయి. నెమ్మదిగా వస్తున్న నెట్ అసలే రాకుండా పోతుంది.

13. ఇన్వర్టర్ ఉన్నా రౌటర్ ఎందుకు ఆరిపోతుంది?

కరెంటు పోయి బ్యాటరీ అందుకునే లోపు కన్నురెప్పపాటు ఖాళీ ఉంటుంది. ఫ్యాను అదే ఊపులో తిరుగుతుంది. రౌటర్ మాత్రం పడి లేస్తుంది, మళ్లీ కుదురుకోవడానికి రెండు మూడు నిమిషాలు. చాలా ఇన్వర్టర్ల మీద యూపీఎస్ అనే మీట ఉంటుంది. అటు వేస్తే ఆ ఖాళీ తగ్గుతుంది. రౌటర్ల కోసమే అమ్మే చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టుకున్నా సరే. అన్నీ ఉండి వీధిలో కరెంటు పోయినప్పుడల్లా నెట్ పోతోందంటే, వీధిలోని ఆపరేటర్ యంత్రానికి బ్యాటరీ లేదేమో అడగండి.

14. ఎర్ర లైటు అంటే వెలుతురు అందలేదని

ఇప్పుడు నెట్ అబ్బాయి ప్రశ్న దగ్గరికి వచ్చాం. ఇంటికొచ్చే ఫైబర్ లోపల వెలుతురు నడిచే గాజు గర్భం మన వెంట్రుక కంటే చాలా సన్నం, సుమారు 9 మైక్రాన్లు. ఒక్క పోగును స్తంభం దగ్గర చీల్చి 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. ఆ చీల్చే డబ్బాకు కరెంటే అక్కర్లేదు. ఇంటి డబ్బా మీద "ఎల్ఓఎస్" అన్న ఎర్ర లైటు వెలిగితే ఆ వెలుతురు అందడం లేదని అర్థం. అప్పుడు మనం చేయగలిగింది తక్కువ. తీగ ఎక్కడైనా తలుపు సందులో నలిగిందా, మరీ గట్టిగా వంగిందా చూడటమే. గట్టిగా వంచితే వెలుతురు ఆ మలుపులో బయటికి కారిపోతుంది.

నెట్ అబ్బాయి "పవర్ ఎంత వస్తోంది" అని కొలిచేది ఆ వెలుతురునే. మైనస్ 27 డీబీఎం దాకా తగ్గినా చాలా డబ్బాలు పనిచేస్తాయి. అంటే వాట్‌లో పది లక్షల వంతులు చేస్తే అందులో రెండు! ఊడిన కొసలోకి మాత్రం తొంగిచూడకండి. ఇంటికొచ్చే వెలుతురు 1490 నానోమీటర్లది, కంటికి కనిపించదు. కనిపించడం లేదు కాబట్టి లేదనుకోవడం ప్రమాదం.

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ లాంటివి కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగాయి. ఖర్చు తగ్గుతుంది, కానీ గాలికీ కొమ్మలకూ అందేంత ఎత్తే. 2015లో వారణాసి గంగ ఒడ్డున వేసిన ఫైబర్‌ను కోతులు కొరికేస్తున్నాయని వార్తలొచ్చాయి.

15. తేదీ తప్పయితే సైట్లు తెరుచుకోవు

బయటి దారంతా బాగున్నా తప్పు ఒక్కోసారి మళ్లీ ఇంట్లోనే ఉంటుంది. పాత డెస్క్‌టాప్‌లో నెట్ వస్తోంది, ఏ సైటు తెరిచినా "సురక్షితం కాదు" అంటోంది. కుడివైపు మూల గడియారం చూడండి. ఏ పదేళ్ల కిందటి తేదీయో ఉంటుంది. సైట్ల భద్రతా పత్రాలకు ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని గడువు ఉంటుంది. మీ కంప్యూటర్ దృష్టిలో ఆ పత్రం ఇంకా పుట్టనే లేదు! మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోవడమే కారణం. కొత్తది వేసి తేదీ సరిచేయండి.

16. దారి ఉంది, పేరు మరిచింది

మనం పేర్లు కొడతాం, యంత్రాలు నంబర్లతో నడుస్తాయి. తొలిరోజుల్లో ఈ పేర్ల జాబితా అంతా ఒకే ఒక ఫైలులో ఉండేది. అది మోయలేనంత పెరగడంతో 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్ అనే పంచుకునే పద్ధతి రూపొందించాడు. ఆ పేర్లు చెప్పేవాడు పలకకపోతే దారి బాగానే ఉన్నా ఏ సైటూ రాదు. వాట్సాప్‌లో తీసిపెట్టిన పాత కబుర్లు కనిపిస్తుంటాయి, బ్రౌజర్ మాత్రం మొండికేస్తుంది. రౌటర్‌లో డీఎన్ఎస్‌గా 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ పెట్టి చూడండి.

అవతలి వాళ్ల పేరే చెరిగిపోయిన రోజూ ఉంది. 2021 అక్టోబరు 4 రాత్రి, మన లెక్కలో 9 దాటాక, ఫేస్‌బుక్ డీఎన్ఎస్ సర్వర్లకు వెళ్లే దారులు లోకపటం మీంచి మాయమయ్యాయి. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ కూడా సుమారు ఆరు గంటలు కదల్లేదు. ఒక్క సైటు రాకపోతే రెండో సైటు చూడకుండా రౌటర్ మీద చేయి వేయకూడదని నేర్పిన రాత్రి అది.

17. మాట తెగేది డౌన్‌లోడ్ వల్లే కానక్కర్లేదు

పెళ్లి ఫొటోలు క్లౌడ్‌కు ఎక్కుతున్నప్పుడే వీడియో కాల్ గొంతు తెగుతుంది. రౌటర్‌లో పంపవలసిన సరుకు కుప్పపడి, మీ మాట ఆ వరస చివర నిలబడుతుంది. ఇంట్లో ఫైళ్లు పంపుతుండగా ఇది గమనించిన జిమ్ గెటిస్ అనే ఇంజినీరు దీన్ని "బఫర్‌బ్లోట్" పేరుతో అందరి దృష్టికీ తెచ్చాడు. ఫొటోలు రాత్రికి వాయిదా వేయండి.

18. అమెరికా పిల్లలతో మాట ఆలస్యానికి ప్యాకేజీ మందు కాదు

గాజులో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి అమెరికాకు తిన్నగా గీత గీసినా 13 వేల కిలోమీటర్ల లెక్క. పోయి రావడానికి 130 మిల్లీసెకన్లు ఎలాగూ కావాలి. సముద్రం కింద తీగలు చుట్టుదారిన పోతాయి కాబట్టి ఇంకా ఎక్కువే. ఇద్దరూ ఒకేసారి "హలో" అనడం, ఇద్దరూ ఒకేసారి ఆగడం, ఇదంతా ఆ దూరం పుణ్యమే.

19. ఈ దారంతా కొలిచే కొలబద్ద ఒక్క రాత్రిలో పుట్టింది

1983 డిసెంబరులో అమెరికా సైన్యపు పరిశోధనశాలలో పనిచేసే మైక్ మ్యూస్‌కు తన నెట్‌వర్క్ ఎందుకో తిన్నగా నడవడం లేదనిపించింది. జలాంతర్గామి శబ్దం పంపి ప్రతిధ్వని వినే తీరు గుర్తొచ్చి, ఒక రాత్రిలో చిన్న ప్రోగ్రాం రాశాడు. ఆ సోనార్ చప్పుడు పేరే దానికి పెట్టాడు: పింగ్. నేటికీ ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంది.

నెట్ పోయినప్పుడు దాన్ని వరసగా నాలుగుచోట్లకు పంపండి. 127.0.0.1 అంటే మీ కంప్యూటరే. అది పలికితే రౌటర్ చిరునామాకు, తర్వాత 8.8.8.8కు, చివరికి ఏదైనా సైటు పేరుకు. రౌటర్ పలక్కపోతే తప్పు వైఫైలోనో తీగలోనో. రౌటర్ పలికి 8.8.8.8 పలక్కపోతే తప్పు రౌటర్ అవతల. నంబరు పలికి పేరు పలక్కపోతే డీఎన్ఎస్. నాలుగూ పలికినా సినిమా కదలకపోతే తప్పు సినిమా వాళ్ల సర్వర్‌ది కావచ్చు.

ఈసారి నెట్ అబ్బాయికి ఫోన్ చేసినప్పుడు "నెట్ పోయింది" అనకండి. "ఎర్ర లైటు లేదు బాబూ, రౌటర్ పలుకుతోంది, బయటికి పోవడం లేదు" అనండి. నిచ్చెన తెచ్చుకోవాలో, కొత్త తీగ తెచ్చుకోవాలో, కూర్చున్న చోటే సరిచేయొచ్చో అతనికి బండి తీయకముందే తెలిసిపోతుంది.